కళ్ళు మూసుకుంటే నిద్రేనా?

"రాత్రయితే కండ్లు మూసుకుంటాడు, తెల్లారితే తెరుస్తాడు, ఆవులిస్తాడు గూడా. మరి తెలివి లేదంటారేంది సార్?"

కర్నూల్లో ఈఈజీ (నెత్తి మీద ఎలక్ట్రోడ్లు అతికించి మెదడులోని విద్యుత్ అలలను రికార్డు చేసే పరీక్ష) టెక్నీషియన్‌గా పనిచేస్తున్న నాకు పేషెంట్ల ఇంటివాళ్ళు అడిగే ఈ ప్రశ్న కొత్త కాదు. తెలివి అంటే ఇక్కడ స్పృహ. డోన్, ఆదోని, నంద్యాల నుంచే కాదు, తుంగభద్ర దాటి గద్వాల నుంచి, అటు రాయచూరు, బళ్ళారి వైపు నుంచి కూడా తలకు దెబ్బ తగిలినవాళ్ళను ఇక్కడికే తీసుకొస్తారు. ఎక్కువమంది హెల్మెట్ లేకుండా బైకు మీద వెళ్ళిన కుర్రాళ్ళే. కొందరు కోమాలోంచి తేరుకుని ఇంటికి వెళ్ళిపోతారు. కొందరు రెండు మూడు వారాలకు కళ్ళు తెరుస్తారు గానీ పిలిస్తే పలకరు, చూపు ఎవరి మీదా నిలవదు, అలాగే నెలలు గడిచిపోతాయి. ఈ పోస్టు వాళ్ళ గురించి, ముక్కులో పైపు గుండా రెండు మూడు గంటలకోసారి గంజో పాలో పోస్తూ వాళ్ళ మంచం పక్కనే ఉండిపోయిన ఇంటివాళ్ళ కోసం.

పైన అడిగిన ప్రశ్నకు నేను చెప్పే జవాబు ఇది. కళ్ళు మూసుకుని కదలకుండా ఉన్నంత మాత్రాన ఆ మెదడు నిద్రపోతోందని చెప్పలేం, కళ్ళు తెరిచి ఉన్నంత మాత్రాన మనల్ని గుర్తిస్తోందనీ చెప్పలేం. ఊపిరి, ఆవులింత, రెప్పలు తెరవడం మూయడం ఇవన్నీ చాలావరకు బ్రెయిన్ స్టెమ్ (మెదడును వెన్నుపాముతో కలిపే అడుగుభాగం), దాని పైనున్న హైపోథాలమస్ అనే చిన్న భాగం నడిపించే పనులు. మెదడు పైభాగం బాగా దెబ్బతిన్నవాళ్ళలో కూడా ఇవి మిగిలి ఉండొచ్చు. అసలైన నిద్ర రావాలంటే అది చాలదు. మెదడు లోపలున్న థాలమస్ అనే భాగానికీ పైపొర అయిన కార్టెక్స్‌కీ మధ్య దారులు కొంతైనా పనిచేస్తూ ఉండాలి. ఆ దారులు మిగిలాయా లేదా అన్నది రాత్రంతా తీసిన ఈఈజీ రికార్డింగులో కనబడే అవకాశం ఉంది. దాని కోసం పేషెంటు మన మాట వినక్కర్లేదు, చెయ్యి ఎత్తక్కర్లేదు. నాకు ఈ పరీక్ష మీద ఇంత నమ్మకం అందుకే.

ఇంకో మాట ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే దీని మీద జరిగే నష్టం నేను చూస్తున్నాను. ఇలా కళ్ళు తెరిచి, సొంతంగా ఊపిరి పీల్చుకుంటున్న మనిషిని "బ్రెయిన్ డెడ్" అని ఎవరైనా మీతో అంటే, ఆ మాట తప్పు. బ్రెయిన్ డెడ్ అయినవాళ్ళు సొంతంగా ఊపిరి తీసుకోలేరు, వాళ్ళకు నిద్రా మెలకువా అనే తేడానే ఉండదు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్ల ఫిజియోథెరపీ ఆపేసిన ఇళ్ళు ఉన్నాయి.

ఈ స్థితులకు పేర్లు కూడా ఒక్కసారిగా రాలేదు. 1972లో జెన్నెట్, ప్లమ్ అనే ఇద్దరు డాక్టర్లు వెజిటేటివ్ స్టేట్ అనే పేరు పెట్టారు. కళ్ళు తెరుస్తారు, కానీ తనకూ చుట్టుపక్కలకూ సంబంధించిన స్పృహ ఉన్నట్టు ఏ గుర్తూ కనబడదు. 2002లో మినిమల్లీ కాన్షస్ స్టేట్‌ను వేరు చేశారు. ఇందులో స్పృహ ఉంటుంది గానీ వస్తూ పోతూ ఉంటుంది, పొద్దున అద్దం వైపు చూపు తిప్పిన మనిషి సాయంత్రం ఏమీ చేయకపోవచ్చు. వెజిటేటివ్ అన్న మాట మనిషిని అవమానించేలా ఉందని 2010లో యూరప్ డాక్టర్లు దాని బదులు స్పందన లేని మెలకువ అనే అర్థం వచ్చే పేరు సూచించారు. ఈ రెండు గుంపుల్లో మన మనిషి దేంట్లో ఉన్నాడన్నదే పెద్ద ప్రశ్న, ఎందుకంటే రెండో గుంపులో ఉన్నవాళ్ళకు కోలుకునే అవకాశం ఎక్కువ, నొప్పి తెలిసే అవకాశం కూడా ఎక్కువ. పొలం అమ్మాలా, హైదరాబాద్ తీసుకెళ్ళాలా, ఇంటికి తీసుకుపోవాలా అన్న లెక్కలన్నీ దీని మీదే నడుస్తాయి.

మంచం దగ్గర చేసే పరీక్షల్లో ఇప్పుడు అందరూ ముందు చెప్పేది సీఆర్ఎస్-ఆర్ (కోమా రికవరీ స్కేల్-రివైజ్డ్) అనే స్కేలు. 2004లో వచ్చింది, మొత్తం 23 మార్కులు. శబ్దానికి ఏం చేస్తున్నాడు, చూపు దేన్నైనా వెంబడిస్తోందా, నొప్పి కలిగిస్తే చెయ్యి ఎటు పోతోంది, ఇలా ఆరు భాగాలు. చూపు సంగతి చూడటానికి పెన్నూ టార్చీ కన్నా అద్దం మేలు. మన ముఖం మనకు కనబడితే కళ్ళు దాని వెంట పోతాయి, వేరే వస్తువు వెంట పోనివాళ్ళలో కూడా. ఒక్కసారి చేసి వదిలేస్తే లాభం లేదు, రెండు వారాల లోపు కనీసం ఐదుసార్లు చేయాలంటారు. ఆ పని చేయకపోతే ఏమవుతుందో 2009లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. వెజిటేటివ్ అని డాక్టర్ల బృందం తేల్చిన 44 మందిని ఈ స్కేలుతో మళ్ళీ చూస్తే 18 మందిలో స్పృహ గుర్తులు దొరికాయి. వంద మందికి నలభై లెక్కన.

మన దగ్గర ఇంకో చిక్కుంది. వన్‌టౌన్‌లో ఉర్దూ మాట్లాడే ఇంటి పెద్దాయన్ను, ఆలూరు అవతల కన్నడం మాట్లాడే ముసలామెను పట్టుకుని తెలుగులో "చెయ్యి ఎత్తండి" అంటే ఏం తెలుస్తుంది? ఇంట్లో ఏ భాషలో పిలుస్తారో ఆ భాషలో, ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరుతో, ఇంటివాళ్ళ గొంతుతో అడగాలి. అయినా సరే, చెవి దెబ్బతిన్నవాడు ఉంటాడు, మాట అర్థమయ్యే భాగం దెబ్బతిన్నవాడు ఉంటాడు, కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయి అనుకున్నా కదపలేనివాడు ఉంటాడు. 2024లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, చెప్పిన పని బయటికి చేసి చూపలేని 241 మందిలో 60 మంది మెదడు ఆ ఆదేశాన్ని లోపల పాటిస్తున్నట్టు స్కానుల్లో, ఈఈజీల్లో తేలింది. ఆ సంఖ్య చదివాక నేను మంచం పక్కన నిలబడి పేషెంటు గురించి ఒక్క పిచ్చి మాట కూడా ఎవర్నీ మాట్లాడనివ్వడం లేదు.

ఇక ఈఈజీ. చాలామంది నా దగ్గరికి తెచ్చే పాత రిపోర్టు పగటిపూట ఇరవై ముప్పై నిమిషాలు తీసింది. అందులో "మొత్తంగా నెమ్మదించిన తరంగాలు" అని ఉంటుంది. ఫిట్స్ ఉన్నాయా అని చూడటానికి అది పనికొస్తుంది, నేనూ రోజూ తీస్తాను. కానీ ఆ అరగంటలో అతను నిద్రలో ఉన్నాడా, మెలకువలో ఉన్నాడా, రాత్రి నిద్ర లేక తూగుతున్నాడా అన్నదే తెలియదు. తలకు దెబ్బ తగిలినవాళ్ళ నిద్ర ముక్కలు ముక్కలై రోజంతా చెల్లాచెదురుగా ఉంటుంది, కాబట్టి రాత్రి ఒక్కటే తీసినా కొంత తప్పిపోవచ్చు. కుదిరితే 24 గంటలు తీయాలి. కుదరకపోతే సాయంత్రం మొదలుపెట్టి తెల్లారాక కొంతసేపటి దాకానైనా.

అందులో వెతికేవాటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనవి స్లీప్ స్పిండిల్స్. సెకనుకు 11 నుంచి 16 సార్లు కొట్టుకునే చిన్న అలల గుంపు, కనీసం అర సెకను ఉంటుంది, రెండు కొసలా సన్నగా మధ్యలో లావుగా కదురుకు చుట్టిన నూలులా కనబడుతుంది. ఇది థాలమస్‌లో పుట్టి కార్టెక్స్‌కు చేరుతుంది. అంటే నెత్తి మీద అతికించిన ఎలక్ట్రోడ్‌లో స్పిండిల్ కనబడిందంటే ఆ దారి పూర్తిగా తెగిపోలేదని. రెండోది గాఢనిద్రలో వచ్చే పెద్ద నెమ్మది అలలు. మామూలు మనిషిలో ఇవి రాత్రి మొదట్లో ఎక్కువగా ఉండి తెల్లవారుజాముకు తగ్గుతాయి, పగలంతా పేరుకున్న నిద్ర అప్పు తీరినట్టు లెక్క. ఆ తగ్గుదల ఉందా అని చూస్తాం. మూడోది రెమ్ నిద్ర, 1953లో కనిపెట్టారు, కళ్ళు వేగంగా కదులుతాయి, గడ్డం దగ్గరి కండరం పూర్తిగా వదులైపోతుంది. దీన్ని పుట్టించేది బ్రెయిన్ స్టెమ్, కాబట్టి రెమ్ ఉన్నంత మాత్రాన పైభాగం బాగుందని అనుకోకూడదు, కానీ మిగతా రెండింటితో కలిసి, రాత్రంతా ఒక వరుసలో వస్తే దానికి విలువ ఉంది.

2011లో బెల్జియం, అమెరికా పరిశోధకులు కలిసి చేసిన పని ఈ రంగంలో అందరూ చెప్పుకునేది. ఐదుగురు వెజిటేటివ్, ఆరుగురు మినిమల్లీ కాన్షస్. అందరూ రాత్రి కళ్ళు మూసుకుని కదలకుండా పడుకున్నారు. మినిమల్లీ కాన్షస్ గుంపులో రెమ్, రెమ్ కాని నిద్ర మారుతూ రావడం, నెమ్మది అలలు రాత్రి గడిచేకొద్దీ తగ్గడం కనబడ్డాయి. వెజిటేటివ్ గుంపులో కళ్ళు మూసినప్పటి ఈఈజీకీ తెరిచినప్పటి ఈఈజీకీ తేడా లేదు. పదకొండు మందే కదా అనొచ్చు, నిజమే. తర్వాత వేరేచోట్ల చేసినవాటిలో లెక్క ఇంత శుభ్రంగా రాలేదు, వెజిటేటివ్ అన్నవాళ్ళలో కూడా కొందరికి స్పిండిల్స్, రెమ్ దొరికాయి. వాళ్ళను మంచం దగ్గర తప్పుగా లెక్కేశారా, లేక నిద్ర ఉండి స్పృహ లేకపోవడం సాధ్యమా అన్న వాదన ఇంకా నడుస్తోంది. అందుకే 2020లో యూరప్ న్యూరాలజీ అకాడమీ ఇచ్చిన మార్గదర్శకాలు నిద్ర ఈఈజీని మిగతా పరీక్షలతో కలిపి వాడమన్నాయి, అదొక్కటే పట్టుకుని తీర్పు చెప్పమనలేదు. నాకూ అదే సరైనదనిపిస్తుంది.

ఇప్పుడు నా పని సంగతి. ఇక్కడ తప్పులు జరిగే చోట్లు చాలా ఉన్నాయి, వీటి గురించి పుస్తకాల కన్నా వార్డే ఎక్కువ నేర్పుతుంది.

నిద్ర దశలను లెక్కేయడానికి ఉన్న నియమాలు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మెదడును చూసి రాసినవి. ముప్పై సెకన్ల ముక్కలు చేసి, పెద్ద నెమ్మది అలలు ఇంత శాతం ఉంటే గాఢనిద్ర అంటారు. దెబ్బతిన్న మెదడులో నెమ్మది అలలు పగలూ రాత్రీ ఉంటాయి. కంప్యూటరుకు వదిలేస్తే అది కళ్ళు తెరిచి ఉన్న మనిషిని కూడా గాఢనిద్రలో వేసేస్తుంది, రోజులో ముప్పావు వంతు నిద్రే అని నీటుగా గ్రాఫు గీసిస్తుంది. అలాంటి ఆటోమేటిక్ రిపోర్టు మీ చేతికి వస్తే, డాక్టరు అలలను స్వయంగా చూశారా అని అడగండి. అడగడం మీ హక్కు. ఈఈజీతో పాటు వీడియో కూడా నడవాలి, లేకపోతే ఏ క్షణంలో కళ్ళు తెరిచాడో ఏ క్షణంలో మూశాడో తెలియదు.

తర్వాత చెమట. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు వార్డు ఎట్లుంటుందో చెప్పక్కర్లేదు. చెమట పడితే ఎలక్ట్రోడ్ కింద ఉప్పు చేరి స్క్రీను మీద పెద్ద పెద్ద నెమ్మది అలలు ఊగుతాయి, తెలియనివాళ్ళు దాన్నే గాఢనిద్ర అనుకుంటారు. గది చల్లబరచాలి, కానీ ఫ్యాను నేరుగా తల మీద పెడితే వైర్లు ఊగి ఇంకో తంటా. పడక పుండ్లు రాకుండా వేసే గాలి పరుపు మోటారు కూడా ఒక లయలో అలలు పుట్టిస్తుంది. మోటారును కాసేపు ఆపి, అలలు పోయాయా లేదా చూసి, మళ్ళీ వేసి, రికార్డులో అక్కడే రాసి పెడతాను.

తలలో వాపు తగ్గడానికి ఎముక ముక్క తీసిన చోట అలలు పెద్దవిగా, పదునుగా వస్తాయి, చూడగానే స్పిండిలేమో అనిపిస్తుంది. క్లోనజెపామ్, మిడజోలామ్ లాంటి మందులు వేగమైన అలలను, స్పిండిల్స్‌ను పెంచేస్తాయి. మత్తు ఎక్కువైతే అసలు నిద్ర ఆకారమే మారిపోతుంది. కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయినవాళ్ళలో గడ్డం కండరం ఎప్పుడూ వదులు కాదు కాబట్టి రెమ్ ఉన్నా పట్టుకోవడం కష్టం, కళ్ళు వాటంతటవే అటూ ఇటూ తిరుగుతుంటే ఇంకా కష్టం. ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, "స్పిండిల్స్ లేవు" అని ఒక రాత్రి రికార్డింగులో వస్తే అది ఆ రాత్రి, ఆ మందుల మీద, ఆ వార్డులో దొరకలేదని మాత్రమే. స్పృహ లేదని దానర్థం కాదు.

పత్తికొండ వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి సంగతి. గుర్తులు బయటపడకుండా చెప్తాను. బైకు ప్రమాదం, ఎడమవైపు ఆపరేషను, కళ్ళు తెరిచి నెలలయినా ఏమీ లేదు. పగటి ఈఈజీ చూసి "లాభం లేదు" అని ఎవరో చెప్పేశారు. రాత్రంతా తీస్తే కుడివైపు మాత్రం స్పిండిల్స్ వచ్చాయి, తక్కువే, కానీ ఎముక ఉన్నవైపు, మత్తుమందు లేని రాత్రి. వాళ్ళ నాయన స్క్రీను ముందు నిలబడి "అంటే లేచ్చాడా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు నాకు లేదు, డాక్టరు గారు కూడా మాట ఇవ్వలేదు. ఇంకా తేలలేదు, పొద్దునపూట అద్దంతో పరీక్ష మళ్ళీ మళ్ళీ చేద్దాం, ఫిజియోథెరపీ ఆపొద్దు అన్నారు. అలా చేస్తూ పోగా కొన్నాళ్ళకు అద్దం వెంట చూపు తిప్పాడు. ఇప్పటికీ మాట రాలేదు, పైపు తీయలేదు. వాళ్ళమ్మ మాత్రం ఇప్పుడు స్నానం చేయించేటప్పుడు ఏం చేస్తోందో వాడికి చెప్పి చేయిస్తుంది.

వార్డు రాత్రి గురించి కూడా చెప్పాలి. ట్యూబు లైట్లు ఆరవు. పన్నెండింటికి బీపీ, రెండింటికి పక్కకు తిప్పడం, మధ్యలో సక్షన్ (గొంతులోని కఫాన్ని మెషిన్‌తో లాగడం), తర్వాత పక్క బెడ్ వాళ్ళ ఫోనులో సీరియలు. ఆసుపత్రి గదుల్లో రాత్రి శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో 1999లోనే రాసింది, మన వార్డుల్లో ఆ మాట తలుచుకునే పరిస్థితి లేదు. ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి అక్కడ పడుకోబెట్టినా నిద్ర రాదు. నిద్ర లేని మనిషిని పొద్దున లేపి "నా వైపు చూడు" అంటే ఎట్లా చూస్తాడు? ఆ పరీక్షలో వచ్చే మార్కులు కూడా పడిపోతాయి కదా.

కాబట్టి ఇంట్లో ఉన్నా ఆసుపత్రిలో ఉన్నా పగలు మంచాన్ని కిటికీ దగ్గరికి జరపండి, ఎండ వెలుతురు కంటికి తగలాలి. రాత్రి తొమ్మిది దాటాక లైట్లు తగ్గించండి, లేదంటే కళ్ళ మీద మెత్తటి గుడ్డ కప్పండి. పక్కకు తిప్పడం మాత్రం మానొద్దు, పుండ్లు పడతాయి. కానీ తిప్పడం, డైపరు మార్చడం, బీపీ ఒకేసారి అయ్యేలా డ్యూటీ సిస్టరును బతిమాలుకోండి, చాలామంది సరేనంటారు. రాత్రి ఫీడింగు టైములు, మత్తు వచ్చే మందుల టైములు మార్చొచ్చా అని డాక్టరును అడగండి, సొంతంగా మాత్రం మార్చకండి, ముఖ్యంగా ఫిట్స్ మందులు.

నిద్ర రికార్డింగు చేయించాలనుకుంటే కర్నూల్లో దొరక్కపోయినా హైదరాబాద్, బెంగళూరు పెద్ద న్యూరో సెంటర్లలో చేస్తారు. కానీ గొంతులో పైపు ఉన్న మనిషిని అంబులెన్సులో రెండు వందల కిలోమీటర్లు తీసుకెళ్ళే ముందు ఫోను చేసి, ఇలాంటి పేషెంటుకు రాత్రంతా వీడియోతో ఈఈజీ తీస్తారా, రిపోర్టు న్యూరాలజిస్టు రాస్తారా అని రెండు ముక్కలు కనుక్కోండి. గురక పరీక్ష కోసం పెట్టిన సెంటర్లు కొన్ని ఉంటాయి, అక్కడ ఈ పని జరగదు.

రికార్డింగుకు వచ్చేటప్పుడు ముందురోజు షాంపూతో తల కడగండి, కొబ్బరినూనె అసలు రాయొద్దు, నూనె ఉంటే పేస్టు పట్టదు. ఆపరేషను డిశ్చార్జి కాగితం, ఏ మందు ఎన్ని గంటలకు వేస్తున్నారో రాసిన చీటీ, మీ ఫోనులో అతను కాస్త చురుగ్గా ఉన్నప్పుడు తీసిన వీడియోలు పట్టుకురండి. రాత్రి పక్కన ఉండేది ఇంట్లో మెలకువగా ఉండగలిగినవాళ్ళు కావాలి, ఎందుకంటే ఎప్పుడు దగ్గాడు, ఎప్పుడు సక్షన్ చేశారు, ఎప్పుడు పక్కకు తిప్పారు అని టైముతో సహా కాగితం మీద రాయాల్సింది వాళ్ళే, పొద్దున నేనూ డాక్టరూ ఆ కాగితాన్ని పక్కన పెట్టుకునే అలలు చదువుతాం.